జీనుకు కవర్ కొనే ముందు నొప్పి ఎక్కడో చూసుకోండి

ప్రశ్న: నా వయసు 44. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. మా పన్నెండేళ్ళ అమ్మాయిని గుర్రపు స్వారీ శిక్షణలో చేర్పించి, ముచ్చటపడి నేనూ చేరాను. నాలుగు నెలలుగా శని, ఆదివారాల్లో వెళుతున్నాం. నడక వరకు బాగానే ఉంటుంది. ట్రాట్ (నడకకూ పరుగుకూ మధ్య వేగం) మొదలైతే మాత్రం జీను మీద కూర్చోవడం నరకమే. సోమవారం బ్యాంకులో కుర్చీలో కూర్చోలేకపోతున్నాను. జీనుకు మెత్తటి కవర్ కొందామని చూస్తే జెల్, ఫోమ్, గొర్రెతోలు అంటూ రకరకాలు కనిపించాయి. ఏది మంచిది? మా అత్తగారి ఊళ్ళో పాత గొంగడి ఉంది, దాంతో కుట్టించుకోవచ్చా? శిక్షణ కేంద్రంలో వారానికో గుర్రం, దానితోపాటే దాని జీను ఇస్తారు. కవర్ తీసుకెళితే నవ్వుతారేమోనని సంకోచం. అమ్మాయికి కూడా ఒకటి కొనాలా? – ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ముందు సూటిగా జవాబు చెబుతాను. మీకు సరిపోయేది అసలైన గొర్రెతోలు కవర్. ఉన్ని పొట్టిగా కత్తిరించి ఉండాలి, జీనులో కూర్చునే భాగాన్ని మాత్రమే కప్పాలి. అయితే మీ నొప్పి ఎక్కడ పుడుతోందో తేలేదాకా దాన్ని కొనకండి. కవర్‌తో తీరే నొప్పులు కొన్నే ఉన్నాయి. కొన్ని నొప్పులు జీను చేసే ఫిర్యాదులు. వాటి మీద మెత్త పరిస్తే ఫిర్యాదు వినిపించడం ఆగుతుంది గానీ, బాధ మీకూ గుర్రానికీ అలాగే మిగులుతుంది.

ఇంట్లో ఒక గట్టి చెక్క స్టూలు మీద నిటారుగా కూర్చోండి. రెండు అరచేతులూ పైకి తిప్పి పిరుదుల కింద పెట్టుకోండి. కాస్త ముందుకూ వెనక్కూ ఊగితే రెండు గుండ్రటి ఎముకలు అరచేతుల్లోకి గుచ్చుకుంటాయి. జీను మీద మన బరువును మోయాల్సినవి అవే. ఆడవారిలో ఈ రెండు ఎముకల మధ్య దూరం సాధారణంగా మగవారికంటే ఎక్కువ. అందుకే మగవారికి హాయిగా ఉన్న జీను మనకు ఇరుకుగానో, అంచుల మీద కూర్చున్నట్టుగానో అనిపిస్తుంది. వచ్చే శనివారం గుర్రం దిగగానే, కాళ్ళు సాగదీసుకోకముందే, నొప్పి సరిగ్గా ఎక్కడుందో వేలితో నొక్కి చూసుకోండి. మర్నాటికి నొప్పి అంతటా పాకిపోతుంది, అప్పుడు ఏమీ తెలియదు.

నొప్పి ఆ రెండు ఎముకల దగ్గరే ఉంటే భయపడాల్సింది లేదు. కొత్తగా నేర్చుకునేవారికి, అందులోనూ వారానికి రెండు రోజులే స్వారీ చేసేవారికి అది మామూలే. కవర్ బాగా ఉపయోగపడేది ఇక్కడే. చర్మం ఒరుసుకుపోయి మంట పుట్టినా కవర్ మేలు చేస్తుంది.

వెన్నెముక చివర తోకఎముక దగ్గర నొప్పి ఉంటే సంగతి వేరు. నిజానికి జీను మీద సరిగ్గా కూర్చున్నవారి తోకఎముక జీనుకు తగలనే తగలకూడదు. తగులుతోందంటే మూడింట్లో ఒకటి జరుగుతోంది. మీరు సోఫాలో కూర్చున్నట్టు నడుము వెనక్కి వాల్చి కూర్చుంటున్నారు, లేదా జీను మీకు చిన్నదైంది, లేదా ఆ గుర్రం వీపు మీద జీను వెనక్కి కుంగి ఉంది. ట్రాట్‌లోనే నొప్పి అన్నారు కాబట్టి నాకు మొదటిదాని మీదే అనుమానం. ట్రాట్‌లో గుర్రం ఎదురెదురు మూలల్లోని కాళ్ళను జతగా వేస్తుంది, కనుక వీపు రెండు దెబ్బల లయలో పైకీ కిందికీ కదులుతుంది. ఒక దెబ్బకు లేచి, మరో దెబ్బకు కూర్చోవాలని మీకు నేర్పే ఉంటారు. పాదాలు ముందుకు జారిపోయి ఉంటే లేవడం సగమే అవుతుంది, కూర్చోవడం కాస్తా వెనక్కి పడిపోవడం అవుతుంది. ఆ పడటంలో దెబ్బ తోకఎముకకు తగులుతుంది. మీ అమ్మాయిని పక్కనుంచి ఒక వీడియో తీయమనండి. చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో ఉన్నాయేమో చూసుకోండి. మడమ ముందుకు వెళ్ళి ఉంటే మీకు కావాల్సింది కవర్ కాదు, రికాబుల (పాదాలు పెట్టుకునే కడియాల) పొడవు సరిచేసి పక్కనే నిలబడి చూసే గురువు.

ముందు భాగంలో, తొడల సందులో నొప్పి గురించి చాలామంది ఆడవాళ్ళు శిక్షకుడికి చెప్పుకోలేరు. మీరు ఉత్తరంలో రాయలేదు గానీ, ఉంటే దాచుకోకండి. జీను ముందుకు వాలి ఉన్నప్పుడు, లేదా కూర్చునే భాగంలో ముందువైపు సన్నటి చోటు మీ శరీరానికి నప్పనప్పుడు ఇలా జరుగుతుంది. వెనకవైపు మందంగా ఉండే కవర్ వేస్తే మనిషి ఇంకా ముందుకు ఒరుగుతుంది, బాధ పెరుగుతుంది. మగ శిక్షకుడితో వివరంగా మాట్లాడటం ఇబ్బందిగా ఉంటే, ‘ఈ జీను నన్ను ముందుకు తోస్తోంది, మరొకటి ఇవ్వండి’ అంటే చాలు. గుర్రాల మనుషులకు ఆ మాట అర్థమవుతుంది. ఇక తిమ్మిరి, కాళ్ళలోకి జలదరింపు, మూత్రంలో రక్తం, లేదా కింద పడ్డ తర్వాత వారాలు గడిచినా తగ్గని తోకఎముక నొప్పి ఉంటే స్వారీ ఆపి వైద్యుల దగ్గరికి వెళ్ళండి.

నొప్పి ఎముకల దగ్గరే అని తేలింది అనుకుందాం. అప్పుడు చూడాల్సింది జీను కొలత. ఇంగ్లిష్ జీనుల్లో ముందు ఎత్తు, అంటే పామెల్ పక్కన కనిపించే గుండ్రటి బొడిపె నుంచి, వెనక ఎత్తు, అంటే క్యాంటిల్ మధ్య వరకు అంగుళాల్లో కొలుస్తారు. పెద్దవాళ్ళ జీనులు చాలావరకు 16.5 నుంచి 18 అంగుళాల లోపు ఉంటాయి. జీను మీద కుదురుగా కూర్చున్నప్పుడు మీ వెనక, క్యాంటిల్ అంచు వరకు నాలుగు వేళ్ళు పట్టే చోటు మిగలాలి. కవర్ వేస్తే ఈ చోటు తగ్గుతుంది. మందపాటి కవర్ అయితే అర అంగుళం దాకా తినేస్తుంది. ఇప్పటికే వెనక రెండు వేళ్ళ చోటే ఉన్న జీను మీద కవర్ వేశారంటే క్యాంటిల్ మీదే కూర్చున్నట్టవుతుంది. వారానికో జీను ఇస్తారన్నారు కదా, వాటిలో అన్నిటికంటే చిన్నది ఎంతో అడిగి తెలుసుకుని, దాన్ని దృష్టిలో పెట్టుకుని కవర్ మందం ఎంచుకోండి. (అమెరికాలో వెస్టర్న్ జీనుల మీద నేర్చుకునే మన పాఠకులకు ఒక మాట. ఆ జీనుల కొలత పద్ధతే వేరు. ఒకే మనిషికి అంకె దాదాపు రెండు అంగుళాలు తక్కువగా వస్తుంది. ముందు కొమ్ముకు చోటు వదిలి కుట్టిన కవరే దానికి పడుతుంది.)

ఇప్పుడు రకాల సంగతి. జెల్ కవర్ దుకాణంలో వేలితో నొక్కితే ముచ్చటగా ఉంటుంది. చల్లటి ఊళ్ళలో దాన్ని ఇష్టపడేవారున్నారు. హైదరాబాద్ ఎండలకు మాత్రం నేను సిఫారసు చేయను. గాలి ఆడదు, ఎండలో అరగంట ఉంచితే వేడెక్కి ఆ వేడిని వదలదు. చెమట పడితే పైపొర జారుతుంది. బరువు కూడా ఎక్కువ. ఫోమ్ దానికంటే నయం, ధర తక్కువ. కొనేటప్పుడు బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. వేలికి అడుగున గట్టి నేల తగిలిందంటే ఆ ఫోమ్ మీ బరువు కింద ట్రాట్‌లో ఉన్నా లేనట్టే. మంచి ఫోమ్ కూడా వాడేకొద్దీ ఆ రెండు ఎముకల కింద గుంటలు పడి చదునవుతుంది. కొనదలచుకుంటే ఏడాదికోసారి మార్చాల్సిన వస్తువు అనుకుని కొనండి.

గొర్రెతోలు విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ పేరుతో అమ్ముడయ్యే వాటిలో సగం గొర్రెను చూసినవి కావు. అసలైనది ఉన్నితో సహా పదును చేసిన తోలు. మెరినో జాతి గొర్రెది మేలైనది. దాని ఉన్ని వెంట్రుకలు సన్నగా, దట్టంగా నిలబడి ఉంటాయి. మీరు కూర్చున్నప్పుడు అవి వంగుతాయి, లేవగానే మళ్ళీ నిలబడతాయి. మీ చర్మం జీను మీద ఒరుసుకునే బదులు ఆ వెంట్రుకలే అటూ ఇటూ కదులుతాయి, అందుకే మంట తగ్గుతుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకుని కూడా తడిగా తోచదు. మన ఎండాకాలంలో ఉన్ని మీద కూర్చోవడమేమిటని మీకు అనిపించవచ్చు. వేడి తగలకపోవడానికి కారణం ఈ గుణమే. చెమటను ఒంటి మీద నిలవనివ్వదు, వెంట్రుకల మధ్య గాలి ఆడనిస్తుంది. మంచం పట్టిన రోగులకు వీపు పుండ్లు పడకుండా ఆసుపత్రుల్లో గొర్రెతోలు పరచడం కూడా దీని కోసమే.

దీని వెనక చరిత్ర కూడా ఉంది. నెపోలియన్ కాలం నాటి ఫ్రెంచి తేలికపాటి అశ్వికదళాలు జీను మీద గొర్రెతోలు పరుచుకునే తిరిగేవి. కాలిఫోర్నియాలో 1955 నుంచి టెవిస్ కప్ అనే పందెం జరుగుతోంది. సియెరా నెవాడా కొండల మీదుగా ఒకే గుర్రంతో ఒక్క రోజులో 100 మైళ్ళు వెళ్ళాలి. అలాంటి దూరపు స్వారీలు చేసేవారి జీనుల మీద గొర్రెతోలు కనిపించడం సర్వసాధారణం. అంతసేపు గుర్రం మీద ఉండేవారే దాన్ని వాడుతుంటే, మిమ్మల్ని చూసి నవ్వడానికి ఎవరికి అర్హత ఉంది? ఎవరైనా నవ్వినా మొహమాటపడకండి. నొప్పితో ఉన్న మనిషి తనకు తెలియకుండానే తొడలు బిగిస్తుంది, మోకాళ్ళతో పట్టుకుంటుంది, పగ్గాలను ఊతగా లాగుతుంది, ప్రతి అడుగుకూ గుర్రం వీపు మీద బస్తాలా పడుతుంది. మీరు హాయిగా కూర్చోవడం ఆ మూగజీవికీ అవసరమే. ఒక్క విషయం గుర్తుంచుకోండి, ఎప్పుడైనా డ్రెస్సాజ్ (గుర్రంతో లయబద్ధంగా అడుగులు వేయించే) పోటీలకు వెళ్ళే స్థాయి వస్తే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం జీను కవర్లను అనుమతించరు. ఆనాటికి మీకు దాని అవసరమూ ఉండదు.

అసలుదో నకిలీదో తెలుసుకోవడం కష్టం కాదు. ఉన్నిని రెండు బొటనవేళ్ళతో పాయగా విడదీసి మొదలు చూడండి. కింద తోలు కనిపిస్తే అసలుది. అల్లిక గుడ్డ కనిపిస్తే అది గుడ్డకు నాటిన ఉన్ని కావచ్చు, పూర్తిగా ప్లాస్టిక్ నూలు కావచ్చు. అనుమానం తీరకపోతే నాలుగు వెంట్రుకలు పీకి అగ్గిపుల్లతో అంటించండి. పట్టుచీర కొనేటప్పుడు పెద్దవాళ్ళు దారం కాల్చి చూసే పరీక్షే ఇది. అసలైన ఉన్ని జుట్టు కాలిన వాసన వేసి, వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. నకిలీది కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. నకిలీ ఉన్ని పనికిరాదని కాదు. మాంసం, తోలు వాడకూడదన్న నియమం ఉన్నవారికి అదే దారి. త్వరగా ముద్దకట్టి చదునవుతుందని తెలిసి, అసలుదానికి పెట్టే ధర పెట్టకుండా కొంటే చాలు. మన దేశంలో జీనుల తయారీకి కాన్పూర్ పెట్టింది పేరు. కాన్పూర్ జీను సామగ్రికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడి తయారీదారుల సరుకు అడిగి చూడండి, విదేశీ బ్రాండ్లకు పెట్టే డబ్బు చాలావరకు మిగులుతుంది. ఉన్ని ఎత్తు అంగుళం లోపే ఉండేది తీసుకోండి. ఎత్తయిన ఉన్ని చూడటానికి దర్జాగా ఉంటుంది గానీ, కొత్తగా నేర్చుకునేవారికి జీను స్పర్శ తెలియదు, గుర్రం వీపు కదలిక అసలే తెలియదు.

గొంగడి గురించి అడిగారు. మన దక్కనీ గొర్రెల ఉన్ని బిరుసైనది. గొంగడిగా నేసి, చింతగింజల గంజి పట్టించాక ఇంకా గట్టిపడుతుంది. వానకు, చలికి, బరువు మోతకు దాన్ని మించింది లేదు. కానీ అందులో ఉన్ని పడుకుని ఉంటుంది, నిలబడి ఉండదు. అంటే మెత్తదనం ఇవ్వదు, పైగా సన్నటి ప్యాంటులోంచి గుచ్చుతుంది, జీను తోలు మీద జారుతుంది. మీ అత్తగారి గొంగడిని దయచేసి కత్తిరించకండి. అలాంటి నేత నేసేవారు, వాడేవారు ఇప్పుడు తక్కువ. మడతపెట్టిన కంబళిని జీను కింద, గుర్రం వీపు మీద వేయడం సైన్యాల్లో ఎన్నాళ్ళుగానో ఉన్న అలవాటే. మన అశ్విక దళాల్లో నమ్దా అనే మందపాటి ఉన్ని పరుపు వేసేదీ అక్కడే.

ఆ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఎవరైనా ‘పైన కవర్ ఎందుకు, కింద ఇంకో పరుపు వేయిస్తే సరి’ అంటే వినకండి. జీను లోపల ఒక గట్టి చట్రం ఉంటుంది. దాని వెడల్పు ఆ గుర్రం భుజాలకూ వీపుకూ సరిపోయేలా చూసి వేస్తారు. కింద మరో పొర దూరిస్తే చట్రం ఇరుకై భుజాల వెనక నొక్కుతుంది. మీకు అందే మెత్తదనం ఏమీ ఉండదు, గుర్రానికి మాత్రం పుండు పడుతుంది. మన శిక్షణ కేంద్రాల్లో పందేల నుంచి రిటైరైన థరోబ్రెడ్ గుర్రాలు చాలా ఉంటాయి. వాటి మెడ మొదట్లో వీపు ఎత్తుగా, ఎముక పైకి తేలి ఉంటుంది. కింద వేసే పరుపు సంగతి శిక్షకుడికీ, గుర్రాన్ని రోజూ చూసుకునే సైస్‌కూ వదిలేయండి.

కవర్ కట్టుకోవడం ఒకసారి సైస్ దగ్గర నేర్చుకుని, ఆ తర్వాత మీరే కట్టుకోండి. ముందు క్యాంటిల్‌కు సాగే అంచు తొడిగి, పామెల్ వైపు లాగి, పక్క పట్టీలు జీను చిన్న రెక్కల కిందికి పోనిచ్చి బిగించాలి. తర్వాత అరచేతితో వెనక నుంచి ముందుకు నిమరండి. ఎక్కడ ముడత తగిలినా విప్పి మళ్ళీ కట్టండి, ఎందుకంటే అరగంటలో ఆ ముడతే బొబ్బ అవుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది రికాబు తోలుపట్టీ. అది వేలాడే ఇనుప కొక్కేన్ని కవర్ గానీ దాని పట్టీలు గానీ కప్పకూడదు. కింద పడినప్పుడు పాదం రికాబులో చిక్కుకుంటే ఆ తోలుపట్టీ కొక్కెం నుంచి వెనక్కి జారి ఊడిపోవాలి. మనిషిని గుర్రం ఈడ్చుకుపోకుండా కాపాడేది అదే. కట్టాక తోలుపట్టీని వెనక్కి లాగి, ఊడి వస్తోందో లేదో ప్రతిసారీ చూసుకోండి. కవర్ వల్ల మీరు కొంచెం ఎత్తులో కూర్చుంటారు కనుక రికాబులు పొడవుగా అనిపిస్తాయి. అవసరమైతే ఒక రంధ్రం బిగించుకోండి. మొదటి రోజు రెండు వైపులకూ నడకలోనే తిప్పి, కవర్ పక్కకు జారడం లేదని నమ్మకం కుదిరాకే ట్రాట్‌కు వెళ్ళండి.

బట్టల గురించి మీరు ఏమీ రాయలేదు. జీన్స్ వేసుకుని వెళుతున్నట్టయితే సగం బాధ దాని లోపలి కుట్టుదే. తొడ లోపలి వైపు కుట్టు లేని స్వారీ ప్యాంటు కొనుక్కోండి. లోపల అంచు కుట్లు లేని, బిగుతైన పొడవాటి లోదుస్తులు వేసుకోండి. నా మాట వింటే కవర్‌కంటే ముందు ఖర్చు పెట్టాల్సింది ఈ ప్యాంటు మీదే.

శిక్షణ కేంద్రం జీను మీది కాదు కాబట్టి కవర్ వేసుకునే ముందు అడగండి, దిగగానే విప్పి తీసుకెళ్ళండి. జీను మీదే వదిలేస్తే దుమ్ము, చెమట మధ్యలో ఇరుక్కుని తోలు గీరుకుపోతుంది, వానాకాలంలో బూజు పడుతుంది. ఇంటికి వెళ్ళాక దులిపి, నీడలో గాలికి ఆరేసి, ఆరాక తీగల బ్రష్‌తో ఉన్నిని నిలబెట్టండి. ఉతకడం నెలకోసారి, రెండు నెలలకోసారి చాలు. 30 డిగ్రీలు దాటని నీళ్ళలో, ఉన్ని బట్టలకు వాడే ద్రవంతో ఉతకాలి. మామూలు బట్టల పొడిలో మరకలు తినే ఎంజైములు ఉంటాయి, అవి ఉన్నినీ తినేస్తాయి. ఎండలో మాత్రం ఆరేయకండి. తోలు అట్టలా బిగుసుకుని పగిలిపోతుంది, ఆపైన ఏం చేసినా మెత్తబడదు. తెల్ల ఉన్ని కొనకండి, నల్ల జీను రంగు నాలుగు వారాల్లో అంటుకుంటుంది.

ఇక మీ అమ్మాయి సంగతి. తనకు నొప్పి అని మీరు రాయలేదు కాబట్టి ఇప్పుడు కవర్ కొనకండి. పిల్లలు జీను మీద తమ బరువు ఎటు పడుతోందో ఒంటితో నేర్చుకుంటారు, మధ్యలో మెత్త ఉంటే ఆ నేర్పు ఆలస్యమవుతుంది. తనకు చూడాల్సింది జీను కొలతే. పెద్దవాళ్ళ 17 అంగుళాల జీనే తనకూ వేస్తుంటే అందులో అటూ ఇటూ జారుతూ, ఆనుకోవడానికి పగ్గాలు పట్టుకుని వేలాడుతుంది. 15, 16 అంగుళాల జీను ఉందేమో ఈ శనివారమే అడగండి. తను కూర్చున్నాక వెనక నాలుగు వేళ్ళు పెట్టి చూడటం తనకే నేర్పండి, తర్వాత మీ జీనుకు తను చూస్తుంది.